నీట మునిగిన విజయపురి: నాగార్జునకొండకు ఒకరోజు యాత్ర

పదవీ విరమణ చేసిన తర్వాత మనలో చాలామందికి యాత్ర అంటే కాశీ, రామేశ్వరం, తిరుపతి. ఆ పుణ్యాన్ని ఎవరూ కాదనరు. అయితే తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరగలిగే దూరంలో మనకు పదిహేడు వందల ఏళ్లనాటి రాజధాని ఒకటి ఉన్నది. అదే నాగార్జునకొండ. ఈ ప్రత్యేక సంచికకు చారిత్రక వ్యాసం రాయమని సంఘం పెద్దలు కోరారు. గత శీతకాలంలో మేము ఏడుగురు పెన్షనర్లం స్వంతంగా వ్యాను మాట్లాడుకుని, రోజంతటికీ ఒక గైడును కుదుర్చుకుని ఆ స్థలం చూసి వచ్చాం. కనుక దానిని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటే ఒక సంగతి చెప్పాలి. నాగార్జునకొండలో మనం చూసేవి అసలు రాళ్లే గాని, అవి ఉన్నది అసలు చోటులో కాదు. అసలు చోటు కృష్ణ నీళ్ల అడుగున ఉన్నది. ఈ సంగతి తెలియక వెళ్లినవారు "నాలుగు రాళ్లు, ఒక మ్యూజియం, ఇంతేనా?" అని తిరిగి వస్తారు. తెలిసి వెళ్లినవారికి ఆ రాళ్లు మాట్లాడతాయి.

లోయలో రాజధాని

పల్నాటి సీమలో మాచర్లకు పాతిక కిలోమీటర్ల దూరంలో, మూడు పక్కల నల్లమల కొండలు, నాలుగో పక్క కృష్ణానది కాపు కాస్తున్నట్టుండే లోయ ఒకటి ఉండేది. శాతవాహనుల ప్రాభవం తగ్గిన తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి అనే పట్టణాన్ని రాజధానిగా చేసుకున్నారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, ఆయన కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల శాంతమూలుడు, ఆపైన రుద్రపురుషదత్తుడు. ఈ నలుగురి పేర్లు శాసనాల్లో దొరుకుతున్నాయి. 4వ శతాబ్ది తొలి భాగానికి వారి కథ ముగిసింది.

రాజులు వైదిక మతస్థులు. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. కాని అంతఃపుర స్త్రీలు బౌద్ధాన్ని పోషించారు. రాజుగారి చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యాన్ని నిర్మింపజేసింది. ఉజ్జయిని మహారాజు కుమార్తె రుద్రధర భట్టారిక కూడా దాతలలో ఉన్నది. వీరపురుషదత్తుడు మేనత్తల కుమార్తెలను వివాహమాడాడు. మన ఇళ్లలో మేనరికం ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. ఒకే కుటుంబంలో యజ్ఞశాలా, చైత్యమూ కలిసి ఉన్నాయి. అదే లోయలో ఆలయాలు కూడా వెలిశాయి. ఒకరి మతం మరొకరికి అడ్డు కాలేదు.

బడిపంతులు గారి నివేదిక

ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలు లోయలో అడవి పెరిగింది. పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెలు మాత్రం మిగిలాయి. 1926లో ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య గారు ఒక పాత రాతి స్తంభాన్ని చూసి, దాని సంగతి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసులోని శాసన పరిశోధన కార్యాలయంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి గారు తనిఖీకి వచ్చి, ఇది సామాన్యమైన చోటు కాదని గుర్తించారు.

ఈ విషయం మన పత్రిక పాఠకులు కాస్త ఆగి ఆలోచించవలసినది. పంపినవారు బడిపంతులు, వచ్చి చూసినవారు కార్యాలయ ఉద్యోగి. ఇద్దరూ పెద్ద హోదాలవారు కారు. ఒక కాగితం కదిలింది, ఒక తనిఖీ జరిగింది, దాంతో ఒక రాజధాని బయటపడింది. మనం ముప్పై, నలభై ఏళ్లు రాసిన నోట్‌ఫైళ్లలో ఎన్ని వృథాగా పోయాయో అని నిట్టూర్చేవారు ఈ ఒక్క కాగితాన్ని తలుచుకుంటే చాలు.

1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ దొర తవ్వకాలు సాగించాడు. 106 అడుగుల వ్యాసం గల మహాచైత్యం బయటపడింది. లోపలి గోడలు బండిచక్రపు ఆకుల మాదిరిగా ఉన్నాయి. అందులో స్తూపం ఆకారపు వెండి భరిణ, దానిలో చిన్న బంగారు భరిణ, బంగారు భరిణలో చిన్న ఎముక ముక్క దొరికాయి. ఆ ధాతువును తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి అందజేశారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ గారు మరికొంత తవ్వించారు.

నీళ్లు రాకముందు ఆరేళ్లు

ఇంతలో సాగర్ ప్రాజెక్టు వచ్చింది. 1955 డిసెంబరు 10న పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట కడితే లోయ మొత్తం మునుగుతుంది. కట్టకపోతే పల్నాడు, నల్లగొండ మెట్టపొలాలకు నీళ్లు లేవు. అన్నం ముఖ్యమా, చరిత్ర ముఖ్యమా అనే ప్రశ్న ఇంత సూటిగా మన రాష్ట్రంలో మరెక్కడా ఎదురు కాలేదేమో. ప్రభుత్వం ఆనకట్ట కట్టడానికే నిశ్చయించి, చేతనైనంత చరిత్రను ఒడ్డుకు చేర్చమని పురావస్తు శాఖకు అప్పగించింది.

1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ అంతా తవ్వారు. వెనుక నుండి నీళ్లు తరుముకొస్తున్న తవ్వకమది. కొత్తరాతి యుగపు పనిముట్లు, బృహత్ శిలాసమాధులు, ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, ఆలయాలు, కోట, స్నానఘట్టం, రంగస్థలం వెలుగు చూశాయి. అన్నీ తరలించడం ఎవరి తరమూ కాదు. 9 కట్టడాలను విప్పి తీసుకుపోయి తిరిగి నిలబెట్టారు. మరో 14 కట్టడాలకు పెద్ద నమూనాలు చేశారు. కొన్ని కొండమీద, కొన్ని తూర్పు ఒడ్డున అనుపు వద్ద ఉన్నాయి. మిగిలినవి ఎక్కడివక్కడే మునిగాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. లోయలోని కొండ మాత్రం తల పైకెత్తి ద్వీపంగా మిగిలింది.

మునిగినవి శిథిలాలు మాత్రమే కావు, లోయలోని పల్లెలు కూడా. అక్కడివారు ఇళ్లు, పొలాలు, చెట్లు వదిలి లేచిపోయారు. శాంతిశ్రీ పేరు రాతిమీద ఉంది గనుక మనకు తెలిసింది. ఆ పల్లెలవారి పేర్లకు మ్యూజియంలో చోటు లేదు. కాలువ నీళ్లతో పండిన అన్నం తిన్న మనం వారిని కూడా ఒకసారి తలుచుకోవాలి.

అనుపు నుండి కొండకు

మా గైడు మాచర్ల వైపు యువకుడు. విజయపురి సౌత్ చేరగానే మమ్మల్ని లాంచి రేవుకు కాకుండా ముందు అనుపుకు తీసుకుపోయాడు. "లాంచీ టైము మన చేతిలో ఉండదండీ. ఇక్కడయితే మీరు ఎంతసేపు కావాలంటే అంతసేపు" అన్నాడు. స్వంతంగా గైడును పెట్టుకున్నందుకు కలిగిన మొదటి లాభం ఇదే.

అనుపులో చూడవలసినది రంగస్థలం. మధ్యలో చదరపు మైదానం, నాలుగు వైపులా మెట్లు మెట్లుగా రాతి ఆసనాలు. మన దేశపు పురాతన కట్టడాల్లో ఇటువంటిది చాలా అరుదు. మా బృందంలోని విశ్రాంత సంగీతోపాధ్యాయురాలు మధ్యలో నిలబడి ఒక కీర్తన పల్లవి ఎత్తుకున్నారు. పై మెట్టు మీద కూర్చున్న మాకు స్పష్టంగా వినబడింది. పక్కనే హారీతి ఆలయం. పిల్లలను కాపాడే దేవతగా బౌద్ధులు హారీతిని కొలిచేవారు.

లాంచి మీద నీళ్ల మధ్య పోతుండగా గైడు చెయ్యి చాపి, "మనం ఇప్పుడు విజయపురి మీద పోతున్నామండీ" అన్నాడు. అప్పటివరకు పిల్లల ఉద్యోగాలు, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకుంటున్నవారంతా ఒక్కసారి నీళ్లవైపు చూశారు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కొండమీద మహాచైత్యం, సింహళ విహారం, బోధిశ్రీ చైత్యగృహం, రాతి పలకల స్నానఘట్టం, అశ్వమేధ స్థలం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మ్యూజియంలో పల్నాటి సున్నపురాతి శిల్పాలున్నాయి. ఆ రాయి లేతాకుపచ్చ, తెలుపు కలిసినట్టుంటుంది. బుద్ధుని జీవిత ఘట్టాలు, జాతక కథలు, శక దేశపు ఉడుపులతో ఉన్న సైనికుని బొమ్మ చూశాం. సముద్రం దాటి వచ్చిన మనుషుల జాడలు ఆ రాళ్లలో ఉన్నాయి.

శాసనం కూడా ఒక రికార్డే

నాకు అన్నిటికంటె నచ్చినవి శాసనాలు. ఇవి ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉంటాయి. చైత్యానికి నాలుగు దిక్కులా అయిదేసి చొప్పున ఆయక స్తంభాలు నిలిపేవారు. బుద్ధుని జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, నిర్యాణం అనే అయిదింటికి అవి గుర్తులు. మహాచైత్యపు ఆయక స్తంభాల మీద ఉన్న తేదీ ఇది: శ్రీ వీరపురుషదత్త మహారాజు 6వ సంవత్సరం, వర్షాకాలం 6వ పక్షం, 10వ రోజు. తేదీ లేని కాగితం చెల్లదని మన పై అధికారులు చెప్పిన మాట ఆనాడే అమలులో ఉన్నది.

బోధిశ్రీ అనే ఉపాసిక శాసనం ఇంకా వివరమైనది. అది అదే రాజు 14వ ఏటిది. సింహళ దేశపు ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు చెబుతూ, ఆ ఆచార్యుల సంప్రదాయం ఏయే దేశాలకు ధర్మం చేర్చిందో కాశ్మీరం, గాంధారం, చైనా మొదలుకొని వరుసగా చెప్పింది. కంటకశైలంలో, అంటే నేటి ఘంటసాలలో, తాను చేసిన దానాన్ని కూడా చేర్చింది. తల్లిదండ్రులు, భర్త, అన్నదమ్ముల పేర్లు రాయించి పుణ్యంలో వాటా ఇచ్చింది. చివరికి పని పర్యవేక్షించిన ముగ్గురు థేరుల పేర్లు, రాతిపని చేసిన విధికుని పేరు కూడా ఉన్నాయి. పని ఎవరు పెట్టించారు, ఎవరు చూసుకున్నారు, ఎవరు చేశారు అన్నీ ఒకేచోట ఉన్నాయి. మా బృందంలోని పి.డబ్ల్యు.డి. మిత్రుడు, "ఇది ఎం.బుక్ కంటె పకడ్బందీగా ఉందే!" అన్నాడు. ఉద్యోగుల బిరుదులు కూడా కనబడతాయి. శాంతిశ్రీ భర్త మహాతలవరుడు. మన తలారి అనే మాటకు ఆ తలవర శబ్దంతో చుట్టరికం ఉందని పండితుల అభిప్రాయం.

గైడును అడగండి

చరిత్ర చూడబోయినప్పుడు గైడు చెప్పినదంతా తల ఊపి వినడం కాదు, ప్రశ్న వేయాలి. ఆచార్య నాగార్జునుడు ఇక్కడే విద్యార్థులకు బోధించాడని అతను చెప్పినప్పుడు మాలో ఒకరు, "బాబూ, దానికి శాసనం ఉందా?" అని అడిగారు. అతను తడుముకోకుండా, "ఇక్కడి ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదండీ, పెద్దలు చెప్పుకునే మాట" అన్నాడు. జగ్గయ్యపేటలో దొరికిన, చాలా తర్వాతి కాలపు శాసనంలో మాత్రం నాగార్జునాచార్యుని శిష్యపరంపర ప్రస్తావన ఉంది. జనశ్రుతి వేరు, రికార్డు వేరు. రెంటినీ విడదీసి చెప్పగలిగిన గైడు దొరికితే అడిగిన రుసుము ఇవ్వడానికి వెనుకాడవద్దు. మేము ఏడుగురం పంచుకుంటే ఎవరికీ భారం కాలేదు.

వెళ్లదలచిన వారికి

హైదరాబాదు నుండి సాగర్‌కు సుమారు 150 కిలోమీటర్లు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. లాంచి నడిచేదీ లేనిదీ, తిరుగు లాంచి వేళ ఎప్పుడో ముందురోజే విచారించుకోవాలి. ఎండాకాలం మానుకుని కార్తీకం నుండి మాఘం లోపు పెట్టుకోండి. మందులు, మంచినీళ్లు, టోపీ, చేతికర్ర దగ్గర ఉంచుకోండి. కొండమీద నడక ఉంది. అంతా నడవలేనివారు మ్యూజియం, మహాచైత్యం చూసి చెట్టు నీడన కూర్చున్నా యాత్ర ఫలించినట్టే.

వీలయితే మనుమలను, మనుమరాళ్లను వెంట తీసుకువెళ్లండి. ఆ లోయను నీళ్లు రాకముందు కళ్లారా చూసినవారు మన తరంలోనే కొద్దిమంది మిగిలారు. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని అటువంటి పెద్దలుంటే వారు చెప్పేది పేర్లతో, తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. బడిపంతులు గారి ఒక్క నివేదిక వల్ల విజయపురి బయటికి వచ్చింది. మునిగిన పల్లెల కథ కూడా ఎవరో ఒకరు రాస్తేనే నిలుస్తుంది. కలం పట్టి బతికిన వాళ్లం, ఆ పని మనకు కొత్త కాదు.