సీపీఏలు రాష్ట్రం మారితే లైసెన్సూ మారాలి
అమెరికాలో పరీక్ష ఒక్కటే.. అనుమతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే

మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ ప్రాక్టీసు ధ్రువపత్రం పొందితే శ్రీకాకుళంలోనైనా, సూరత్‌లోనైనా కార్యాలయం తెరవవచ్చు. 1949 నాటి చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. అమెరికాలో ఆ వెసులుబాటు లేదు. సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్ (సీపీఏ) లైసెన్సును అక్కడ కేంద్ర ప్రభుత్వం కాక రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డులు జారీ చేస్తాయి. 1896లో న్యూయార్క్ తొలి చట్టం చేసింది. ఇప్పుడు 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్, నాలుగు దీవుల ప్రాంతాలతో కలిపి మొత్తం 55 పరిధులున్నాయి. అక్కడ స్థిరపడదలచిన కామర్స్ పట్టభద్రులు ఈ తేడాను ముందే గ్రహించాలి.

అర్హత ఇలా..
పరీక్ష అన్ని రాష్ట్రాలకూ ఒకటే. ఆడిటింగ్, ఆర్థిక నివేదికలు, పన్నులు-నిబంధనలు అనే మూడు తప్పనిసరి పేపర్లతోపాటు ఒక ఐచ్ఛిక పేపరు రాయాలి. ఒక్కొక్క దానిలో 75 స్కోరు సాధించాలి. హైదరాబాద్‌లోనూ పరీక్ష కేంద్రం ఉంది. చదువు, అనుభవం నిబంధనలను మాత్రం రాష్ట్రాలే నిర్ణయిస్తాయి. 150 సెమిస్టర్ అవర్ల చదువు, ఏడాది అనుభవం చిరకాలంగా ఉన్న ప్రమాణం. మూడేళ్ల బీకాం ఒక్కటే దీనికి సాధారణంగా చాలదు. పరీక్ష నెగ్గినా లైసెన్సు చేతికి వచ్చేవరకు పేరు పక్కన సీపీఏ అని రాసుకోరాదు.

సరిహద్దు దాటితే..
టెక్సాస్‌లో లైసెన్సు, కార్యాలయం ఉన్నవారు మరో రాష్ట్రంలోని క్లయింటుకు సేవలందించాలంటే చాలాచోట్ల విడిగా లైసెన్సు అవసరం లేదు. ఈ సదుపాయాన్నే 'మొబిలిటీ' అంటారు. అయితే సేవలందుకునే రాష్ట్ర బోర్డుకు కూడా వారిపై చర్య తీసుకునే అధికారం ఉంటుంది. ఆడిట్ పనులకు సంస్థ నమోదు అవసరం కావచ్చు. ప్రధాన కార్యాలయాన్నే న్యూజెర్సీకి మారిస్తే మాత్రం మొబిలిటీ చెల్లదు. అక్కడి బోర్డుకు దరఖాస్తు చేసి కొత్త లైసెన్సు పొందాలి. పరీక్షను మళ్లీ రాయనక్కర్లేదు.

మారుతున్న నిబంధనలు
డిగ్రీతోపాటు రెండేళ్ల అనుభవం ఉంటే 150 అవర్లు లేకున్నా లైసెన్సు ఇచ్చేలా ఒహాయో 2025 జనవరిలో చట్టం చేసింది. 2026 జనవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. పలు రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. అయితే ఈ మార్గంలో పొందిన లైసెన్సును మరో రాష్ట్రం గుర్తించాలంటే అక్కడి చట్టం కూడా అందుకు అనుమతించాలి. అందువల్ల పరీక్ష రుసుము చెల్లించకముందే, స్థిరపడదలచిన రాష్ట్ర బోర్డు నిబంధనలు సరిచూసుకోవడం మేలు. కొన్ని బోర్డులు లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా అడుగుతాయి.