బేగంపేట దోమ చెప్పని సంగతి

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ పక్కనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి చూశారు. హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది. కుట్టించుకున్నందుకు దోమకు అణా చొప్పున అతనికి ముట్టింది. ఆ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియాకు దోమే వాహకమనడానికి దొరికిన తొలి గట్టి ఆధారం అదే. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. అయితే ఈ జ్వరం ఎలా సోకుతుందో తెలిసినా, కొందరిని కోమాలోకి నెట్టి ఎందుకు చంపుతుందో తెలియలేదు. రక్తంలో పరాన్నజీవులు ఎన్ని ఉన్నాయన్నదే కాదు, తాము దూరిన ఎర్రరక్తకణాన్ని అవి దేనికి అతికిస్తున్నాయన్నదీ రోగి ప్రాణాన్ని నిర్ణయిస్తుందని తర్వాతి శతాబ్దపు పరిశోధన నిరూపించింది.

దీనికి పునాది 1890ల్లోనే పడింది. మలేరియాతో చనిపోయినవారి మెదడు సూక్ష్మనాళాలు సోకిన కణాలతో కిక్కిరిసి ఉండటాన్ని ఇటలీ వైద్యులు మార్కియాఫావా, బిగ్నామి గమనించారు. ఫాల్సిపారమ్ అనే మలేరియా పరాన్నజీవి 48 గంటల చక్రంలో రెండో సగానికి చేరేసరికి, అది దాగిన కణం నాళపు గోడను పట్టుకుని ప్లీహం వడపోతను తప్పించుకుంటుంది. వేలి నుంచి తీసిన రక్తంలో ఎక్కువగా ఉంగరం ఆకారపు లేత దశలే కనిపించేది అందుకే. సోకిన కణం తన చుట్టూ ఆరోగ్యమైన ఎర్రకణాలనూ అంటించుకుంటుందని 1988లో శ్రీలంక కోతుల మలేరియాలో, మరుసటి ఏడాది మానవ ఫాల్సిపారమ్‌లో తేలింది. ఈ గుత్తులే రోసెట్లు. పరాన్నజీవి తన దాదాపు 60 వార్ అనే జన్యువుల్లో ఒకదాన్ని ఎంచుకుని పీఎఫ్‌ఈఎంపీ-1 ప్రొటీన్‌ను కణం పైకి పంపుతుంది. అది పక్క కణం మీది సీఆర్-1 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుందని 1997లో తెలిసింది. రిఫిన్ అనే మరో ప్రొటీన్ల కుటుంబం ఎ గ్రూపు రక్తకణాలను పట్టుకుంటుందని 2015లో బయటపడింది.

రోసెట్లకూ మరణానికీ నిజంగా సంబంధముందా అని సందేహించేవారు ఉన్నారు. గాంబియా పిల్లల్లో 1990లో ఆ సంబంధం కనిపించింది గానీ, పపువా న్యూగినీలో కనిపించలేదు. అంతగా చంపని మరో రకం మలేరియా అయిన వైవాక్స్‌లోనూ రోసెట్లు ఉంటాయి. ఈ అభ్యంతరాలు సమంజసమైనవే. రోసెట్లు ఒక్కటే చాలవని, గోడకు అంటుకున్న కణాలకు అవి తోడైనప్పుడే సన్నటి నాళం మూసుకుపోతుందని వాటి నుంచి గ్రహించాలి. అయితే రోసెట్లు కేవలం యాదృచ్ఛికమంటే మాత్రం ఒప్పుకోలేం. ‘ఓ’ (O) గ్రూపు రక్తకణాలతో రోసెట్లు బలంగా కట్టవు. మాలీలో 2007లో ప్రచురితమైన అధ్యయనంలో ఆ గ్రూపు పిల్లలకు తీవ్ర మలేరియా ముప్పు 66 శాతం తక్కువని తేలింది. పరాన్నజీవి అదే అయినా, అతుకు బలహీనపడిన చోట ముప్పు తగ్గిందన్నమాట.

రోసెట్లను విడదీసే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. కానీ ఆర్టిసునేట్ అనే మలేరియా మందు ఇంజెక్షన్ లేత దశలోని పరాన్నజీవిని, అంటే కణం అతుక్కోకముందే, చంపగలదు. భారత్ సహా నాలుగు ఆసియా దేశాల్లో జరిగి 2005లో వెలువడిన పరీక్షలో క్వినైన్‌తో పోలిస్తే దీనివల్ల మరణాలు దాదాపు 35 శాతం తగ్గాయి. కాబట్టి కణాలు అతుక్కోకముందే మందు అందేలా, ఏజెన్సీ గ్రామమైనా, నగరమైనా, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి.