తంగేటి జున్ను

అనాయాసముగా లభించు లాభమును మన పూర్వులు ‘తంగేటి జున్ను’ అనిరి. చిన్న జుంటీగలు పొదలలో చేతికందు ఎత్తున పట్టు పెట్టును. దానికై చెట్టెక్క నక్కఱలేదు. తంగేడును తేనెటీగయు మన నేలపై చిరకాలపు పొరుగువారని ఆ పలుకుబడియే చెప్పుచున్నది.

లిన్నేయస్ పండితుడు 1753లో ఈ మొక్కకు శాస్త్రనామ మిచ్చుచు, ఆకు మొదట చెవులవలె నుండు చిన్న రేకులను బట్టి ‘చెవులు గలది’ అను అర్థముగల లాటిను పదమును చేర్చెను. సామర్లకోటలో తోట పెంచి మన తీరపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు దీనిని సెన్నా ప్రజాతియందు జేర్చెను. 1832లో అచ్చయిన ఆయన గ్రంథములోని ఆ పేరే నేడును నిలిచియున్నది.

వారి కెంతో పూర్వమే మన చర్మకారులు దీని గుణ మెఱుగుదురు. పట్టలోని వగరు తోళ్లు ఊనుటకు మేలైనది. చెన్నపట్నపు తోళ్ల వ్యాపారము 19వ శతాబ్దిలో పెరిగిన కొలది పట్టకు గిరాకి హెచ్చెను. 20వ శతాబ్దిలో క్రోము పద్ధతియు, దక్షిణాఫ్రికా వాటిల్ పట్టయు వచ్చుటచే అది తగ్గెను.

కత్తివ్రేటు తగ్గెను గాని ఆదరము పెరుగలేదు. అమెరికా ఖండపు లాంటానాను 19వ శతాబ్ది ఆరంభమున సొంపునకై తోటలలో నాటగా, అది అడవుల నాక్రమించెను. మన తంగేడు మాత్రము బంజరు మొక్కగనే మిగిలెను. 2014లో తెలంగాణము దీనిని రాష్ట్రపుష్పముగా గైకొన్నది. అయినను బతుకమ్మకు పూవునిచ్చు బంజరులు నానాట ఇండ్ల స్థలములగుచున్నవి.

నష్టము పండుగకే గాదు. తంగేటిపూవున మకరందము లేదు. పుప్పొడియే అతిథికి విందు. అదియు కేసరముల కొనలనున్న సన్నని రంధ్రములలో దాగియుండును. తుమ్మెద పూవును బట్టుకొని ఝుమ్మని కంపింపజేసినగాని పొడి రాలదు. ఆ పొడియే దాని పిల్లలకు ఆహారము. లేతపసుపు వన్నె వలస సీతాకోకచిలుకలు ఈ ఆకులపై గ్రుడ్లు పెట్టును.

కావున మన ముంగిట ఒక్క పొదకు చోటిత్తము. గింజ పెంకు గట్టిది. గరుకు రాతిపై కొంచెము రుద్ది, రాత్రి నీట నానబెట్టి, తొలకరికి నాటవలెను. మంచి యెండయు, నీరు నిలువని నేలయు చాలును. వేరూనిన పిమ్మట నీటి అవసరము స్వల్పము. పూత ముగిసిన తరువాత కొమ్మలు కత్తిరించిన గుబురుగా నెదుగును. పురుగుమందు చల్లరాదు, ఆకు తినిన పురుగే సీతాకోకచిలుక యగును. పండుగకు కోయునపుడును కొన్ని పూవులను తుమ్మెదలకు, కాయలకు విడిచిపెట్టుదము.