కారు ట్రాన్స్‌పోర్ట్‌కి ఎంత ఇవ్వొచ్చు? రేటు ఒప్పుకునే ముందు ఈ లెక్క చూడండి

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఉద్యోగం మారింది. సామాను సరే, మరి కారు? ఆన్‌లైన్‌లో ఫోన్ నంబర్ ఇస్తే చాలు, కాల్స్ మొదలవుతాయి. ఒకరు 5 వేలంటారు, ఇంకొకరు 16 వేలంటారు. ఏది నమ్మాలి? ముందు మన లెక్క మనం వేసుకోవాలి.

డ్రైవర్‌ని పెట్టి అదే కారు పంపిస్తే ఎంతవుతుంది? దూరం దాదాపు 570 కిలోమీటర్లు. 15 మైలేజీ ఇచ్చే కారుకు 38 లీటర్లు పడుతుంది. లీటర్ రూ.107 చొప్పున పెట్రోల్‌కే రూ.4,066. టోల్‌కు వెయ్యి, డ్రైవర్‌కు 3 వేలు, అతను తిరిగి రావడానికి బస్ టికెట్ 1,500 అనుకుందాం. మొత్తం రూ.9,500 పైనే. ట్రాన్స్‌పోర్ట్ రేటు దీనికి అటూ ఇటూగా ఉంటే బేరం మొదలుపెట్టొచ్చు. సగానికి సగం తక్కువ చెబితే మాత్రం అనుమానించాల్సిందే. కారు ట్రెయిలర్ ఎక్కాక ‘ఇంకో 5 వేలు వేస్తేనే డెలివరీ’ అంటే అప్పుడు చేసేదేం లేదు. తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది కదా!

దూరం ఒక్కటే రేటును తేల్చదు. గురుగ్రామ్, మానేసర్ ప్లాంట్ల నుంచి కొత్త కార్లతో దక్షిణాదికి వచ్చే ట్రెయిలర్లకు తిరుగు ప్రయాణంలో లోడ్ కావాలి. అందుకే ఢిల్లీ వైపు కారు పంపేవాళ్లు ‘రిటర్న్ లోడ్ బండి ఉందా?’ అని అడగాలి. నాలుగైదు రోజులు ఆగగలిగితే రేటు తగ్గించే వీలుంటుంది. ఎస్‌యూవీకి చోటెక్కువ, రేటూ ఎక్కువే. ఇంటి దగ్గరే డెలివరీ అన్నా పెద్ద ట్రెయిలర్ మన వీధిలోకి రాదు. యార్డు నుంచి ఎవరో ఒకరు నడిపి తెస్తారు. అందుకే కారు అప్పగించేటప్పుడు కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తీసుకోండి.

అసలు బాదుడు ‘ఇన్సూరెన్స్’ పేరుతో ఉంటుంది. రూ.8 లక్షల కారుకు 1.5 శాతం అన్నా 12 వేలు. అంటే కిరాయి కంటే ఎక్కువ! కట్టే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబర్ అడగండి. అవి చెప్పకపోతే అది ఇన్సూరెన్స్ కాదు, ఇంకో చార్జీ అంతే. కారుకు కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే, రోడ్డు మార్గంలో తరలించేటప్పుడు జరిగే డ్యామేజీ కూడా మామూలుగా అందులో కవర్ అవుతుంది. అయితే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ కవర్ ఉండదు. డిక్కీలో పెట్టిన సామానుకు కూడా ఉండదు.

ఎల్‌ఆర్, అంటే లారీ రసీదు మీద కిరాయి ఎంత రాశారో కూడా చూసుకోవాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని 2011 రూల్స్ ప్రకారం, ఎక్కువ విలువ ప్రకటించి అదనపు రిస్క్ చార్జీ కట్టకపోతే ట్రాన్స్‌పోర్టర్ బాధ్యత కిరాయికి 10 రెట్ల వరకే. రసీదులో 9 వేలు ఉంటే గరిష్ఠంగా 90 వేలు. ‘జీఎస్టీ కలిసొస్తుంది సార్’ అంటూ 3 వేలే రాస్తే 30 వేలకు ఆగిపోతుంది.

డెలివరీ రోజు పగటి వెలుతురులో కారు చుట్టూ తిరిగి చూశాకే సంతకం పెట్టండి. గీతలు, సొట్టలు ఉంటే రసీదు మీదే రాయించండి. కోర్టుకు వెళ్లే పరిస్థితి వస్తే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్టర్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి.