కార్మికులు పెట్టిన ఇంటిపేరు

మా చిన్నతనంలో ఇంట్లో ఒక హిందీ హాస్యం క్యాసెట్ ఉండేది. పేరు ‘హసీ కే హంగామే’. అందులో సగం హిందీ మాకు అర్థమయ్యేది కాదు. అయినా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. ఆ గొంతు మన తెలుగువాడిదని ఈ దేశం వచ్చాకగాని నాకు తెలియలేదు.

జానీ లీవర్ అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957లో పుట్టారు. స్వస్థలం కనిగిరి; పెరిగింది బొంబాయి ధారావిలో. తండ్రి హిందుస్తాన్ లీవర్ కర్మాగారంలో కార్మికుడు. ఇల్లు గడవక ఏడో తరగతితోనే చదువు ఆగింది. సినిమా నటుల గొంతులు అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మారు. తరువాత తండ్రి ఉన్న కర్మాగారంలోనే కూలీగా చేరారు.

అక్కడ ఒక వేడుకలో పై అధికారులను అనుకరించి చూపారు. ఉద్యోగానికి ఎసరు తెచ్చే సాహసమే అది! తోటి కార్మికులు మురిసిపోయి ‘జానీ లీవర్’ అని పేరు పెట్టారు.

1981లో ఉద్యోగం మానేశారు. కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ బృందంతో, 1982లో అమితాబ్ బచ్చన్‌తో విదేశీ వేదికలెక్కారు. ‘స్టాండప్’ అనే మాట మనదేశంలో వాడుకలోకి రాకముందే, ఒక్క మైకుతో సభను నవ్వించిన మనిషి. ‘బాజీగర్’ (1993) సినిమాలో స్థిరపరిచింది. ‘దీవానా మస్తానా’, ‘దూల్హే రాజా’ చిత్రాలకు ఫిల్మ్‌ఫేర్ బహుమతులొచ్చాయి.

ఈ కథ నన్నెందుకు వదలదో చెబుతాను. నేను ఇంజనీరుని. ఇక్కడ మొదటి ఉద్యోగంలో, నోరు తిరగక, పై అధికారి నా పేరును రెండక్షరాలకు కుదించాడు. నవ్వి ఊరుకున్నాను. నేటికీ ఆఫీసులో అదే నా పేరు. ఆయనకు కొత్త పేరు పెట్టింది తోటివాళ్లు, అధికారులను చూసి నవ్వించినందుకు. నాకు పెట్టింది అధికారి, నేను నవ్వి ఊరుకున్నందుకు. డిగ్రీలు నావే, ధైర్యం మాత్రం ఆయనది.

2007లో ఆ కంపెనీ హిందుస్తాన్ యూనిలీవర్‌గా పేరు మార్చుకుంది. ఒకప్పటి కూలీ మాత్రం తోటివాళ్లు ఇచ్చిన పేరు మార్చుకోలేదు.

ఈ పండుగ వేదిక మీద మన పిల్లలు పాడతారు, ఆడతారు, మనల్ని అనుకరించి నవ్విస్తారు. వాళ్లను ఇంటిపేరుతో సహా నిండుగా పిలుద్దాం. ముందుగా నేను నా పేరు నేర్పాలి, మా ఆఫీసువాళ్లకు!