గుండ్లకమ్మ మడుగులలో వల వేయు వేళలు



నేను చేపను పట్టినవాఁడను గాను, తిన్నవాఁడను గాను. అట్టి నేను మత్స్యముల వేటను గూర్చి ముచ్చటింపఁబూనుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. కాని అద్దంకిలో ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండినవానికి గుండ్లకమ్మ కథ తప్పునది కాదు.

ఈ యేఱు నల్లమలలోఁ బుట్టి, కంభము చెరువును నింపి, మా యూరి చెంతఁ బాఱి సముద్రమును జేరును. వానకాలమునఁ బొంగును. వేసవిలో ధార తెగి, ఇసుకతిన్నెల నడుమ మడుగులుగా మిగులును. కొరమీను, వాలుగ, జెల్ల ఆ మడుగులలోనే తలదాఁచుకొనును. వానిని వలతోను ఊతతోను పట్టి బ్రదుకువారు యానాదులు.

మా పాఠశాల వ్యాయామోపాధ్యాయుఁ డొకఁడు ఆదివారము వచ్చినచో గాలముతో నేటికిఁ బోవువాఁడు. పంచాంగమున మంచి గడియ చూడుమని నన్నడుగును. నేనును జూచి చెప్పుచుంటిని. సాయంకాలమునకు రిక్తహస్తములే! యానాదులు మడుగు నూడ్చివేసిరని యతని మొఱ. ఒకనాఁడు వల యాఱవేయుచున్న ముసలి యానాది మా మాటలు విని నవ్వి యిట్లనెను: “ఈ సంతకు కింది మడుగు, వచ్చే సంతకు పై మడుగు దించుతాము అయ్యవారూ. వల లేచిన మడుగులో బెదిరిన చేప రాళ్ల కిందనుంచి రాదు. ఆయనను మేము దించని మడుగుకు రమ్మనండి.” ఆ వారమే మా మిత్రునకు వాలుగ చిక్కెను. నా పంచాంగమున లేని తిథి యది.

నాఁటినుండి గ్రంథములు వెదకితిని. అశోకుని యైదవ స్తంభశాసనము చాతుర్మాస్య పూర్ణిమలయందును, ఉపవాసదినములయందును చేపలను చంపరాదు, అమ్మరాదు అనినది. కౌటిల్యుఁడు జాలరులనుండి యాఱవ భాగమును రాజునకు రాబట్టెను. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుఁడు మానసోల్లాసమున మత్స్యవినోదమని యొక ప్రకరణమే వ్రాసి, ఏ చేప కే యెర తగునో వివరించెను. ఆ రాజుగారు మా వ్యాయామోపాధ్యాయునకు మంచి జోడు! 1873లో ఫ్రాన్సిస్ డే అను నాంగ్లేయుఁడు వలకన్నుల పరిమాణమును నియమింపవలెనని ప్రభుత్వమునకు నివేదించెను. 1897 నాఁటి మత్స్యచట్టము నీటిలో విషమును, పేలుడుమందును నిషేధించినది. నేను చూచినంతవఱకు ఈ వ్రాతలలో వలవాఁడు పన్ను కట్టువాఁడు, కానిచో దండ్యుఁడు. మడుగునకు విశ్రాంతి నిచ్చువాఁడుగా నెచ్చటను గానరాఁడు. మా యూరి శాసనమే చూడుఁడు. 848లో పండరంగఁడు పండ్రెండు బోయకొట్టములను గెలిచెనని తరువోజలో నున్నది. ఓడినవారి మాట యొక్కటియు లేదు.

1871లో పుట్టిన నేరజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికిని వ్యాపించినది. యానాదులలోఁ గొందఱు దాని పాలఁబడిరి. రాత్రివేళ వలకుఁ బోవువానికి ఊరు దాటుటయే యనుమానమునకుఁ జాలును. ఆ చట్టము మదరాసులో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను.

పదము మాత్రము నా కలమునఁ బోలేదు. సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట ఇరుగుపొరుగు గ్రామ మొకదానిలో మడుగును వేలము వేసిరి. పాట దక్కినవాఁడు యానాదులమీఁద నర్జీ వ్రాయుమని నా యొద్దకు వచ్చెను. నా దస్తూరి బాగుండునని పేరు. వ్రాసితిని. “చౌర్యము” అను మాటను నేనే యెన్నుకొంటిని. ఆ వేసవిలోనే గుడిసెలు లేచిపోయెను. పాటదారు సన్నకన్నుల వలతో రేయింబవళ్లు దింపించెను. జ్యేష్ఠమాసమునకు పిల్లచేపయు మిగులలేదు.

మా మిత్రుఁడు గాలపుఁగఱ్ఱను దూలమునఁ జెక్కి మరల తీయలేదు. ఏ సంతకు ఏ మడుగో ముసలివాఁడు ఏటి పొడవునఁ జెప్పిన క్రమమును నేను వ్రాసికొన లేదు. అర్జీ నకలు నా పెట్టెలో నున్నది.