తెలుగు పాఠ్యపు కాపీ-పేస్టు సమస్యలు

కంప్యూటరు నిర్వహణ వ్యవస్థను ఒక కూర్పు నుండి మరొక కూర్పుకు మార్చిన తరువాత, ఒకచోట కాపీ చేసిన తెలుగు పాఠ్యం మరొకచోట పేస్టు చేసినపుడు ఖాళీ డబ్బాలుగానో, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగానో, వరుస ప్రశ్నార్థకాలుగానో మారిపోవడం తెలుగు వాడుకరులకు చిరకాలంగా తెలిసిన సమస్య. ఈ మూడూ చూపునకు ఒకే తీరు చెరుపుగా కనిపించినా వీటి మధ్య పెద్ద తేడా ఉన్నది. డబ్బాలు కనిపించినపుడు పాఠ్యానికి ఏ హానీ జరుగలేదు. అర్థంలేని అక్షరాలు వచ్చినపుడు పాఠ్యాన్ని చాలావరకు తిరిగి రాబట్టవచ్చు. ప్రశ్నార్థకాలు వచ్చిన ఫైలును భద్రపరచినట్లయితే మాత్రం అందులోని తెలుగు శాశ్వతంగా పోయినట్లే.

నేపథ్యం

పాఠ్యాన్ని కత్తిరించి, నకలు తీసి, అతికించే పద్ధతిని 1970 దశకం నడుమ జెరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధనాకేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు జిప్సీ అనే ప్రోగ్రాములో రూపొందించారు. 1983లో ఆపిల్ లీసా, 1984లో మెకింటాష్ కంప్యూటర్ల ద్వారా ఈ పద్ధతి జనసామాన్యానికి చేరింది. అటుపై విండోస్ కూడా దీనిని స్వీకరించింది.

కాపీ చేసినపుడు క్లిప్‌బోర్డులోనికి చేరేది అక్షరాల ఆకారం కాదు, వాటి సంకేతసంఖ్యలు మాత్రమే. ఆకారాన్ని ఇచ్చేది ఫాంటు. యూనికోడులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించబడినవి. ఉదాహరణకు 'క' సంఖ్య 3093. విండోస్‌లో ఒకే కాపీకి పలు రూపాలు ఏకకాలంలో క్లిప్‌బోర్డుపై ఉండగలవు. యూనికోడు పాఠ్యం, పాత తరహా ఒంటిబైటు పాఠ్యం, ఫాంటు పేరుతో సహా అలంకరించిన పాఠ్యం వీటిలో ముఖ్యమైనవి. పేస్టు చేసుకునే ప్రోగ్రాము తనకు తెలిసిన రూపాన్ని తీసుకొంటుంది. అడిగిన రూపం లేకపోతే యూనికోడుకు, ఒంటిబైటు పాఠ్యానికి మధ్య మార్పిడిని విండోస్ తానే చేసిపెడుతుంది. చిక్కంతా ఈ మార్పిడిలోనే ఉన్నది. ఎందుకనగా రష్యను, గ్రీకు వంటి భాషలకు ఉన్నట్లు తెలుగుకు విండోస్‌లో ఒంటిబైటు కోడ్‌పేజీ ఏనాడూ వాడుకలో లేదు.

డబ్బాలు

పేస్టు చేసినచోట తెలుగు ఫాంటు లేకపోవడమే దీనికి కారణం. విండోస్ ఎక్స్‌పీ (2001)లో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉన్నప్పటికీ, సంక్లిష్ట లిపుల మద్దతును వాడుకరి కంట్రోల్ ప్యానెల్‌లోనికి వెళ్ళి విడిగా స్థాపించుకోవలసి ఉండేది. దానికి ఎక్స్‌పీ సీడీ కూడా అవసరమయ్యేది. విస్టా నుండి ఈ బాధ తప్పినది. విండోస్ 8లో నిర్మలా యూఐ వచ్చినది. విండోస్ 10లో గౌతమి, వాణి ఫాంట్లు ఐచ్ఛిక అంశంగా మార్చబడినవి. తెలుగు అనుబంధ ఫాంట్లు అనే అంశాన్ని సెట్టింగులలో చేర్చుకుంటే అవి తిరిగి వస్తాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్ల వంటివి వాడుకరి స్వయంగా స్థాపించుకొన్నవి. డిస్కును చెరిపి కొత్తగా వ్యవస్థను స్థాపించినపుడు అవి కూడా చెరిగిపోతాయి కనుక మరల చేర్చుకోవాలి.

యూనికోడులోనికి ఆలస్యంగా వచ్చిన అక్షరాల వలన కూడా అక్కడక్కడ డబ్బాలు కనిపిస్తాయి. ౘ, ౙ అక్షరాలు 2008లో (యూనికోడు 5.1) చేరినవి. అంతకుముందు తయారైన ఫాంట్లలో వీటికి రూపం ఉండదు.

అర్థంలేని అక్షరాలు

ఇవి రెండు విధాలు. మొదటిది పాత ఫాంట్లకు సంబంధించినది. యూనికోడు వ్యాప్తికి ముందు అను వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలోనే తెలుగు అక్షర ఖండాలను ఉంచాయి. పేజ్‌మేకరులో అచ్చు పని చేసే ముద్రణాలయాలలోను, పత్రికల కార్యాలయాలలోను పుస్తకాలెన్నో ఈ విధంగానే కూర్చబడినవి. పేజ్‌మేకరు 7.0 (2001) ఆ ప్రోగ్రాముకు చివరి ముఖ్య కూర్పు. కొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేకపోయినా, పేస్టు చేసేటపుడు 'పాఠ్యం మాత్రమే' అనే ఎంపికను వాడినా ఫాంటు పేరు రాలిపోయి లోపలి ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. ఇది చెడిపోయిన పాఠ్యం కాదు, వేషం తీసిన పాఠ్యం. ఆ ఫాంటును తిరిగి తగిలించినా, తగిన మార్పిడి ఉపకరణంతో యూనికోడులోనికి మార్చినా తెలుగు కనిపిస్తుంది. అయితే ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క పట్టిక ఉంటుంది కనుక ఫాంటు పేరు తెలియకుండా మార్చబూనితే కొత్త తప్పులు దొర్లుతాయి. వార్తాపత్రికల సైట్లలోని ఇటువంటి పాఠ్యాన్ని యూనికోడులో చూపడానికి నాగార్జున వెన్న పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రూపొందించారు. 2017 నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింతలన్నిటికీ మద్దతు నిలిపివేసింది.

విండోస్ 10లో 2018 నుండి, యూనికోడేతర ప్రోగ్రాములకు యుటిఎఫ్-8ను వాడే ప్రయోగాత్మక ఎంపిక ఒకటి కలదు. తెలుగుకు మంచిదని తలచి దీనిని ఎంచుకొన్నవారి కంప్యూటరులో పాత ఫాంట్ల పాఠ్యం చెదరవచ్చు. ఆ ఫాంట్లు 127కు పైబడిన బైట్లను పాశ్చాత్య కోడ్‌పేజీ 1252 ప్రకారం వాడుకుంటాయి. యుటిఎఫ్-8లో అవే బైట్లకు విడిగా అర్థం లేదు. పాత పేజ్‌మేకరు ఫైళ్ళతో పని ఉన్నంతకాలం ఈ ఎంపికను వదలివేయడమే క్షేమం.

రెండవ విధంలో అసలు పాఠ్యం యూనికోడే, కాని చదివిన తీరు తప్పు. యుటిఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లను ఆక్రమిస్తుంది. వీటిని 1252 కోడ్‌పేజీగా చదివితే ప్రతి సంకేతానికి మొదట తలపై గీత గల చిన్న ఇంగ్లీషు 'ఎ', దాని ప్రక్కన డిగ్రీ గుర్తు లేక కూడిక-తీసివేత గుర్తు కనిపిస్తాయి. ఈ జంట పదేపదే వస్తుంటే రోగం ఇదేనని నిర్ధారించుకోవచ్చు. ఫైలును మూసి, యుటిఎఫ్-8గా మరల తెరిస్తే సరిపోతుంది. అలా కాక ఆ అక్షరాలనే మరొకచోటికి కాపీ చేస్తే ప్రమాదం ఉన్నది. 1252లో 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ. పొల్లు గుర్తు మూడవ బైటు 141, ఉకారపు గుర్తు మూడవ బైటు 129 కావడం తెలుగు చేసుకొన్న దురదృష్టం. ఖాళీ స్థానాలను తొలగించే ప్రోగ్రాము గుండా పోయిన పాఠ్యంలో ఒత్తులు, ఉకారాలు మార్పిడి తరువాత కూడా తిరిగిరావు.

ప్రశ్నార్థకాలు

యూనికోడు తెలియని ప్రోగ్రాము తెలుగును అడిగినపుడు, కోడ్‌పేజీలో సాటి లేని ప్రతి సంకేతానికి బదులు విండోస్ 63వ సంఖ్యను, అనగా ప్రశ్నార్థకాన్ని ఇస్తుంది. 'తెలుగు' అనే పదంలో ఆరు సంకేతాలు కలవు కనుక ఆరు ప్రశ్నార్థకాలు వస్తాయి. 'పులుసు'కు కూడా ఆరే. ఒకసారి భద్రపరచిన తరువాత ఏది తెలుగో, ఏది పులుసో చెప్పగల ఉపకరణం లేదు.

ప్రశ్నార్థకాలు కనిపించిన వెంటనే ఫైలును భద్రపరచకుండా చివరి చర్యను రద్దు చేయాలి. మూల ప్రోగ్రాము యూనికోడు తెలిసినదైతే క్లిప్‌బోర్డులో అసలు పాఠ్యం ఇంకా చెక్కుచెదరకుండానే ఉంటుంది. నోట్‌ప్యాడులో పేస్టు చేసి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. అక్కడ తెలుగు సరిగా వస్తే దోషం పేస్టు చేసుకొన్న ప్రోగ్రాముది, రాకపోతే కాపీ చేసిన ప్రోగ్రాముది. విండోస్ 98 నోట్‌ప్యాడు ఈ పరీక్షకు పనికిరాదు, దానికి యూనికోడు తెలియదు. ఎక్స్‌పీ నుండి నోట్‌ప్యాడుకు తెలుగు తెలిసినా, భద్రపరచేటపుడు ఆన్సీ అనే ఎంపికే ముందుగా ఉండేది. అక్షరాలు పోతాయని హెచ్చరిక వచ్చినా చదువకుండా సరే నొక్కి తెలుగును పోగొట్టుకొనడం సాధ్యమే. 2019లో వచ్చిన విండోస్ 10 1903 కూర్పు నుండి యుటిఎఫ్-8 ముందస్తు ఎంపిక అయినది.

అసలు పేస్టు కాకపోవడం

ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైనది కాదు. ఒక సమయంలో ఒక ప్రోగ్రాము మాత్రమే క్లిప్‌బోర్డును తెరువగలదు. అది మూయకుండా నిలిచిపోతే మిగిలినవన్నీ విఫలమవుతాయి. విస్టాకు పూర్వపు పద్ధతిలో క్లిప్‌బోర్డును గమనించే ప్రోగ్రాములు గొలుసుకట్టుగా ఒకదానికొకటి కబురు అందించుకునేవి. ఒక్కటి తప్పినా తక్కినవాటికి కబురు ఆగిపోయేది. అటువంటి పాత ఉపకరణాలను ఒక్కొక్కటిగా ఆపి చూడడమే సులువైన పరీక్ష. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఈ సమస్య వస్తే అవతలి కంప్యూటరులో ఆర్‌డీపీ క్లిప్ అనే ప్రక్రియను ఆపి మరల ప్రారంభించాలి. విండోస్ 10 1809 కూర్పు (2018) నుండి విండోస్, వి మీటలను కలిపి నొక్కితే గత 25 కాపీల జాబితా కనిపిస్తుంది. దీనిని వాడుకరి ముందుగా చేతనం చేసుకోవాలి.

లినక్సులో కాపీ చేసిన పాఠ్యం మూల ప్రోగ్రాము వద్దనే ఉంటుంది. ఆ ప్రోగ్రామును మూసివేస్తే, క్లిప్‌బోర్డు నిర్వాహకం లేనిచోట పేస్టు చేయడానికి ఏమీ మిగలదు. ఎక్స్11 నుండి వేలాండ్‌కు మారిన వ్యవస్థలలో వెనుకనుండి క్లిప్‌బోర్డును చదివే పాత ఉపకరణాలు పనిచేయకపోవచ్చు. ఉబుంటు 2021 ఏప్రిల్ కూర్పులో చాలా కంప్యూటర్లకు ఈ మార్పు జరిగినది.

ఉన్నతీకరణకు ముందు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగియడంతో పాత కంప్యూటర్లను మార్చుకోవలసిన అవసరం ఏర్పడినది. పాత ఫాంట్లలో కూర్చిన ఫైళ్ళు ఉన్నవారు ఫైళ్ళతోపాటు ఆయా ఫాంట్ల ఫైళ్ళను కూడా వేరొక డిస్కులో దాచుకోవాలి. ప్రతి పుస్తకానికి ఏ ఫాంటు వాడినదీ రాసి ఉంచుకొని, ఒక పేజీని మాత్రం యూనికోడులోనికి మార్చి, అచ్చుప్రతితో పోల్చి చూసుకొన్న తరువాతనే మిగిలినవాటికి పూనుకోవాలి. ఈ పోలికలో 'సాఫ్ట్‌వేర్' వంటి పదాలను ప్రత్యేకంగా గమనించాలి. పొల్లుకు, తరువాతి హల్లుకు మధ్య కంటికి కనిపించని 8204వ సంకేతం మార్పిడిలో జారిపోతే అది 'సాఫ్ట్వేర్' అవుతుంది, అటుపై వెతుకులాటలో దొరకదు.